భుజం మారినా ప్రభ ఒరగదు

(అమలాపురంలో మెకానికల్ ఇంజినీరింగు విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపకులకు నమస్కారం. విద్యార్థులకు ఆశీస్సులు.

కనుమనాడు జగ్గన్నతోట తీర్థం చూడనివారు ఈ హాలులో ఎవరూ ఉండరనుకుంటాను. దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసే గంగలకుర్రు ప్రభ కౌశిక నదిలో దిగేటప్పుడు అందరి కళ్లూ పైన శిఖరం మీదే ఉంటాయి. నా కళ్లు మాత్రం మోసేవాళ్ల భుజాల మీద ఉంటాయి. నీళ్లలో, బురదలో ఒకరి భుజం అలసిపోతుంది. పక్కవాడు వంగి తన భుజం పెడతాడు. ప్రభ ఒరగదు. నేను ఈరోజు చెప్పబోయే కార్ల పందెం నాకు అర్థమైంది అక్కడే.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, బ్రేసెల్టన్ దగ్గర రోడ్ అట్లాంటా ట్రాక్ ఉంది. ఫ్రాన్సులో జరిగే 24 గంటల లే మాన్ కార్ల పందెం మీద మక్కువతో డాన్ పానోజ్ అనే మందుల పరిశ్రమాధిపతి 1998లో అక్కడ ‘పెటీ లే మాన్’ మొదలుపెట్టాడు. చిన్న లే మాన్ అని అర్థం. చిన్నదంటే ఇప్పుడు పది గంటలు. అమెరికాలో ఇమ్సా అనే సంస్థ నడిపే స్పోర్ట్స్ కార్ సీజనుకు అదే ఆఖరి పందెం. అక్కడ మధ్యాహ్నం మొదలైతే మనకు రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది, ముగిసేసరికి మన వీధిలో పాల క్యాన్లు తిరుగుతుంటాయి. మనది బల్లపరుపు నేల. అక్కడి నాలుగు కిలోమీటర్ల ట్రాక్ అంతా ఎత్తుపల్లాలే. చివరి మలుపు పల్లంలోకి దిగుతూ తిరుగుతుంది.

ఆ ట్రాక్ మీద నాలుగు తరగతుల కార్లు ఒకేసారి పరుగెత్తుతాయి. అన్నిటికన్నా వేగమైనవి జీటీపీ కార్లు, పందేనికే ప్రత్యేకంగా కట్టిన ప్రోటోటైపులు. పోర్షె, క్యాడిలాక్, అక్యురా, బీఎండబ్ల్యూ తమ తమ ఇంజన్లతో వస్తాయి, కానీ వాటి హైబ్రిడ్ మోటారు బాష్ సంస్థది, గేరుబాక్సు ఎక్స్‌ట్రాక్ సంస్థది, నలుగురికీ ఒకటే. తర్వాత గిబ్సన్ సంస్థ వీ8 ఇంజను ఉండే ఎల్ఎంపీ2 కార్లు, ఇవీ ప్రోటోటైపులే. ఆ వెనుక జీటీడీ ప్రో, జీటీడీ, అంటే దుకాణంలో కొనే ఫెరారీ, కార్వెట్ వంటి వాటి నుంచి పందేనికి మలిచిన కార్లు. వేగమైనది నెమ్మదైనదాన్ని పది గంటలూ దాటుతూనే ఉండాలి. ధాన్యం ట్రాక్టరు వెళుతున్న కాలువ గట్టు మీద మోటారు సైకిలు నడిపినవారికి ఆ కష్టం వేరే చెప్పనక్కరలేదు.

నేను ఎన్నటికీ మరచిపోలేని పందెం 2015 అక్టోబరు 3న జరిగింది. వరి ఈనిక మీదున్నప్పుడు పట్టే ముసురు మనకు తెలుసు కదా, అక్కడా ఆ రోజు అలాంటి వానే. ట్రాక్ మీద నీళ్లు వాగుల్లా పారాయి, కార్లు గిరగిరా తిరిగి పక్కకు పోయాయి. చివరికి ఎనిమిది గంటలైనా నిండకముందే పందెం ఆపేశారు. అప్పటికి అందరికన్నా ముందున్నది ప్రోటోటైపు కాదు, కింది తరగతికి చెందిన పోర్షె 911 ఆర్ఎస్ఆర్! నిక్ టాండీ, పాట్రిక్ పిలే, రిచర్డ్ లీట్జ్ దాని డ్రైవర్లు. పిలే ఆ ఏడాది తన తరగతి ఛాంపియన్ కూడా అయ్యాడు.

దీన్ని అదృష్టమని కొట్టిపారేయకండి. కారణాలు ఇంజినీరుకు కనిపిస్తాయి. ఆ రోజుల్లో ప్రోటోటైపులన్నీ కాంటినెంటల్ టైర్లే వాడాలని నియమం. పోర్షె ఉన్న తరగతిలో టైర్ల కంపెనీల మధ్య పోటీకి అనుమతి ఉంది, వాళ్లు మిషెలిన్ వాన టైర్లు వేసుకున్నారు. పైగా ఆ కారుకు ఇంజను వెనుక ఇరుసుకు ఆవల ఉంటుంది. తోసే చక్రాల మీదే బరువు పడుతుంది కాబట్టి తడి నేల మీద పట్టు దొరుకుతుంది. రెండిట్లో టైర్లదే పెద్ద పాత్ర అని నా నమ్మకం.

ఆఖరి పందెం కాబట్టి ఒకే రోజు రెండు లెక్కలు నడుస్తాయి: ఆ పందెం ఎవరిది, ఏడాది మొత్తానికి ఛాంపియన్‌షిప్ ఎవరిది అని. 2023లో గెలిచింది మేయర్ షాంక్ జట్టు అక్యురా. ఛాంపియన్‌షిప్ మాత్రం 31వ నంబరు క్యాడిలాక్‌ది. టైటిలు కోసం దానితో పోరాడుతున్న పదో నంబరు అక్యురా, దాన్ని దాటబోయి మొదటి మలుపులో తగిలి పందెం నుంచి తప్పుకుంది. ఏడాది కష్టం ఒక్క మలుపులో పోయింది. ఆ దృశ్యం చూసి నాకు గొంతు పట్టేసింది.

డ్రైవర్లు ముగ్గురు. ఒకరు దిగి మరొకరు ఎక్కి బెల్టులు బిగించుకునేలోగా పెట్రోలు పోయాలి, చక్రాలు మార్చాలి. ఆ పని చేసేవాళ్ల పేర్లు పతాక శీర్షికల్లో రావు. నేను టీవీలో ముందు వాళ్లనే వెతుకుతాను.

పొద్దున మీ షెడ్డులో మీరు కట్టిన కారు చూశాను. వెనుక చక్రం విప్పి బిగించడానికి మీ ముగ్గురికి నాలుగు నిమిషాలు పట్టింది. స్పానరు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి వెళ్లేటప్పుడు రెండుసార్లు కింద పడింది. భోజనాలయ్యాక అక్కడికే వస్తాను. గడియారం నేను పట్టుకుంటాను, మళ్లీ విప్పుదాం.