చెప్పిందొకటి, విన్నదొకటి: యూరప్‌ను కదిలించిన మూడు ప్రసంగాలు

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక పెట్టిన ఉపన్యాసం కాబట్టి కునుకు తీసేవాళ్ల మీద నాకేం కోపం లేదు. ఇవాళ్టి విషయం కూడా ఇంచుమించు అదే: వక్త ఏం చెప్పాడు, జనం చెవిన ఏం పడింది.

1946 సెప్టెంబర్ 19, జ్యూరిక్ విశ్వవిద్యాలయం. మాట్లాడుతున్నది చర్చిల్. అంతకుముందు ఏడాదే ఎన్నికల్లో ఓడి ప్రతిపక్షంలో కూర్చున్నాడు. నేను చెప్పబోయేది విని మీరు నివ్వెరపోతారని ముందే హెచ్చరించి, అప్పుడు అసలు మాట అన్నాడు. యూరప్ కుటుంబం మళ్లీ నిలబడాలంటే తొలి అడుగుగా ఫ్రాన్స్, జర్మనీ చేతులు కలపాలట! నాలుగేళ్లు పారిస్‌లో జర్మన్ సైన్యం తిష్ఠ వేసింది. యుద్ధం ముగిసి ఏడాదిన్నర కూడా కాలేదు. కత్తులు దూసుకున్న రెండిళ్లవాళ్లను పిలిచి వియ్యమందుకోమన్నట్టుంది. 'యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ యూరప్' లాంటిది కట్టుకోవాలన్నాడు, అందరూ ఆ మాటే పట్టుకున్నారు. మరి బ్రిటన్‌ను ఎక్కడ కూర్చోబెట్టాడు? ఇంటి లోపల కాదు. అమెరికా, సోవియట్ రష్యాల పక్కన, శ్రేయోభిలాషుల వరుసలో. తను పెళ్లిపెద్ద, పెళ్లి మాత్రం వాళ్లది.

దీనికి 17 రోజుల ముందే ఢిల్లీలో నెహ్రూ తాత్కాలిక ప్రభుత్వం ప్రమాణం చేసింది. యూరప్‌కు స్వేచ్ఛ కోరిన ఈ పెద్దమనిషికే మన స్వాతంత్ర్యం మాటెత్తితే గిట్టేది కాదు. ఆ రెండూ కలిపి చదవకపోతే చర్చిల్ మనకు సగమే అర్థమవుతాడు.

రెండోది చిన్నది. 1947 జూన్ 5న అమెరికా విదేశాంగ మంత్రి జార్జ్ మార్షల్ గౌరవ పట్టా అందుకోవడానికి హార్వర్డ్ వెళ్లి, పది పన్నెండు నిమిషాలు మాట్లాడాడు. యుద్ధంతో చితికిన యూరప్ కోలుకోవడానికి అమెరికా సాయం చేస్తుందన్నాడు, ఎంత డబ్బు ఇస్తారో చెప్పలేదు. 'మార్షల్ ప్లాన్' అన్న పేరు అందులో లేనేలేదు. చొరవ యూరప్ నుంచే రావాలన్నాడు. లండన్‌లో విదేశాంగ మంత్రి బెవిన్ బీబీసీ రేడియోలో ఆ కబురు విని, దాన్ని జారిపోనివ్వలేదు. జూలైకల్లా 16 దేశాలు పారిస్‌లో సమావేశమయ్యాయి. 1948 నుంచి నాలుగేళ్లలో అందిన సాయం దాదాపు 1,300 కోట్ల డాలర్లు. వినేవాడు గట్టివాడైతే అస్పష్టమైన ప్రసంగం కూడా పనికొస్తుంది.

ఇక నాకు బాగా ఇష్టమైనది. బెల్జియంలోని బ్రూజ్‌లో 1949లో పెట్టిన కాలేజ్ ఆఫ్ యూరప్ ఉంది. యూరప్ ఐక్యత కోసం పనిచేసేవాళ్లను తయారు చేయాలని పెట్టిన చదువుల బడి అది. 1988 సెప్టెంబర్ 20న అక్కడికి అప్పటి బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్‌ను పిలిచారు. బ్రిటన్, యూరప్ గురించి నన్ను మాట్లాడమనడం, శాంతియుత సహజీవనం గురించి చెంఘిజ్ ఖాన్‌ను మాట్లాడమనడం లాంటిదని కొందరనుకోవచ్చని తనే చమత్కరించింది.

ఎం.ఏ.లో ఈ ప్రసంగం గురించి మేం నోట్సులో రాసుకున్నది ఒక్క ముక్కే: బ్రిటన్‌లో ప్రభుత్వ పెత్తనాన్ని వెనక్కి నెట్టింది, యూరప్ కూటమి కార్యాలయాలున్న బ్రసెల్స్ నుంచి ఇంకో పెద్ద రాజ్యం వచ్చి నెత్తినెక్కడానికి కాదు అని. పరీక్షలో అదే రాశాం, మార్కులూ పడ్డాయి. చాలా ఏళ్ల తర్వాత పూర్తి పాఠం చదివాను. 'మా భవితవ్యం యూరప్‌లోనే, కమ్యూనిటీలో భాగంగానే' అన్న మాట అందులో స్పష్టంగా ఉంది! కమ్యూనిటీ అంటే ఇవాళ్టి యూరప్ యూనియన్‌కు పూర్వరూపం. ఆ కోపం ఎవరి మీదో అప్పుడు తెలిసింది. పన్నెండు రోజుల ముందు ఆ కమ్యూనిటీ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడు జాక్ డెలోర్ బ్రిటిష్ కార్మిక సంఘాల మహాసభకొచ్చి, కార్మికుల హక్కులకు యూరప్ అండగా ఉంటుందని చెప్పాడు. సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తన గడ్డ మీద, తనకు గిట్టని సంఘాల ముందు! థాచర్ ఊరుకుంటుందా?

పూర్తి పాఠం మరుగున పడి, ఆ ఒక్క వాక్యమే మిగిలింది. మరుసటి ఏడాదే బ్రిటన్‌లో, యూరప్ పెత్తనాన్ని వ్యతిరేకించే 'బ్రూజ్ గ్రూప్' పుట్టింది. 2016 రెఫరెండంలో 51.9 శాతం యూరప్ యూనియన్ నుంచి బయటికే ఓటేశారు.

అదే ప్రసంగంలో ఆమె వార్సా, ప్రాగ్, బుడాపెస్ట్ పేర్లెత్తి, అవీ గొప్ప యూరప్ నగరాలే, మరచిపోకండి అంది. అప్పటికి ఆ మూడూ సోవియట్ నీడలో ఉన్నాయి. ఆ దేశాలు 2004 మే 1న యూనియన్‌లో చేరాయి. బ్రిటన్ 2020 జనవరి 31న బయటికి నడిచింది.

మూడు ప్రసంగాలూ జిరాక్స్ తీయించి వెనక బల్ల మీద పెట్టాను. బ్రూజ్‌ది కాపీలు తక్కువ, ఇద్దరేసి కలిసి చదువుకోండి. టీ వచ్చేలోపు ప్రశ్నలుంటే అడగండి.