హార్వర్డ్ పక్కన ఒంటి తెర హాలు: బ్రాటిల్ థియేటర్ చరిత్ర

నమస్కారం. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుంచి నాలుగడుగులు వేస్తే బ్రాటిల్ వీధిలో కనిపించే ఒక చిన్న హాలు గురించి ఈ వీడియోలో చెప్పుకుందాం. ఒక తరం అమెరికన్ విద్యార్థులకు ప్రపంచ సినిమాను పరిచయం చేసిన ఘనతలో ఈ హాలుకు పెద్ద వాటా ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ భవనాన్ని 1890లో, అంటే సినిమా ప్రదర్శనలు మొదలు కాకముందే, స్థానిక సమాజం సభలకూ నాటకాలకూ కట్టుకుంది. 1942 ఆగస్టులో నల్లజాతి అమెరికన్ నటుడు, గాయకుడు పాల్ రాబ్సన్ షేక్‌స్పియర్ నాటకంలోని ఒథెల్లో వేషం కట్టింది ఈ వేదిక మీదనే. నల్లజాతి నటుడు శ్వేతజాతి నటి సరసన ఆ పాత్ర పోషించడానికి అమెరికన్ నిర్మాతలు జంకుతున్న రోజులవి. ఆ నాటకం మరుసటి ఏడాది న్యూయార్క్‌లోని ప్రసిద్ధ నాటకశాలల ప్రాంతమైన బ్రాడ్‌వేకు చేరింది.

1953లో బ్రయంట్ హాలిడే, సైరస్ హార్వీ అనే ఇద్దరు హార్వర్డ్ పూర్వ విద్యార్థులు దీనిని సినిమా హాలుగా మార్చారు. ఇక్కడి ప్రొజెక్టర్ ప్రేక్షకుల వెనుక కాక, తెర వెనుక ఉంటుంది. వెనుక నుంచి పడిన బొమ్మ కుడిఎడమలు తారుమారవుతుంది కనుక దానిని ముందే తిప్పి వేయాలి. మన టాకీసుల్లో తలల మీదుగా సాగే వెలుగు చార ఇక్కడ ఉండదు; ఆలస్యంగా వచ్చినవారి నీడ తెర మీద పడదు.

ఆ ఇద్దరే 1956లో జానస్ ఫిలింస్ అనే పంపిణీ సంస్థను స్థాపించి బెర్గ్‌మన్, ఫెలినీ, త్రుఫో వంటి యూరప్ దర్శకుల చిత్రాలను అమెరికా అంతటికీ చేర్చారు. కాలేజీ కుర్రాళ్లు ఏ సినిమాకు కదిలి వస్తారో రోజూ కళ్లారా చూస్తున్నవారు కాబట్టే అంత సాహసం చేయగలిగారని నా అభిప్రాయం.

హాలీవుడ్ నటుడు హంఫ్రీ బోగార్ట్ మరణించిన 1957లోనే, ఆయన కథానాయకుడిగా నటించిన పాత చిత్రం ‘కాసాబ్లాంకా’ ఇక్కడ తిరిగి విడుదలైంది. పరీక్షల రోజుల్లో బోగార్ట్ సినిమాలు వేయడం ఆనవాయితీగా మారింది. విద్యార్థులు పుస్తకాలు పక్కన పెట్టి వచ్చి, తెర మీది నటులతో పాటు సంభాషణలు వల్లించేవారు. పాత చిత్రాన్ని అంత ఆరాధనగా మళ్లీ మళ్లీ చూసే అలవాటు ఇతర కాలేజీ పట్టణాల్లోనూ కనిపించింది.

2001 నుంచి లాభాపేక్ష లేని బ్రాటిల్ ఫిల్మ్ ఫౌండేషన్ ఈ హాలును నడుపుతోంది. టికెట్ల రాబడికి తోడు సభ్యత్వ రుసుములు, విరాళాలే దీనికి ఆధారం. ఈ హాలు ఉన్న హార్వర్డ్ స్క్వేర్ కూడలిలోనే ఉండిన బహుళ తెరల థియేటర్ 2012లో మూతపడింది. సుమారు 230 సీట్ల బ్రాటిల్‌లో మాత్రం పాత చిత్రాలు, విదేశీ చిత్రాలు ఇప్పటికీ ఆడుతున్నాయి. బోస్టన్ పరిసరాల్లో చదువుకుంటున్న మన తెలుగు విద్యార్థులు ఒకసారి అక్కడికి వెళ్లి సినిమా చూడవలసిందిగా మనసారా కోరుతున్నాను.