బడి లైబ్రేరియన్‌కి బడిలోనే శిక్షణ ఇవ్వాలి
(జాతీయ గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా విజయనగరంలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న బీఎల్ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్ డిగ్రీ) విద్యార్థులకు, పరీక్ష పేపర్లు దిద్దే పని పక్కనపెట్టి వచ్చిన టీచర్లకు నమస్కారం. పెద్దలందరి పేర్లూ చదవాలని రాసుకొచ్చాను గానీ, ఉన్న టైమంతా దానికే అయిపోయేలా ఉంది. మన్నించాలి.

ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా వారోత్సవాలు చేసుకుంటాం. దండలు వేస్తాం, వ్యాసరచన పోటీలు పెడతాం. నాకిచ్చిన అంశం 'పాఠశాల గ్రంథాలయం, దాని ప్రాధాన్యం'. ప్రాధాన్యం గురించి ఈ హాల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. నేను బడి లైబ్రేరియన్ చదువు గురించి మాట్లాడతాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఈ మాట చెప్పడానికి నాకు మైకు దొరకలేదు.

2009 విద్యాహక్కు చట్టానికి ఒక షెడ్యూలు ఉంది. ప్రతి బడిలో లైబ్రరీ ఉండాలనీ, అందులో పేపర్లు, పత్రికలు, అన్ని సబ్జెక్టుల పుస్తకాలతో పాటు కథల పుస్తకాలూ ఉండాలనీ రాశారు. కథల పుస్తకాలని విడిగా రాసినవాళ్లకి చేతులెత్తి దండం పెట్టాలి. కానీ ఆ షెడ్యూలు మొత్తం వెతికినా లైబ్రేరియన్ అన్న మాట కనపడదు. పుస్తకాలు ఉండాలిట, వాటిని పిల్లల చేతికిచ్చే మనిషి అక్కర్లేదుట!

దాంతో ఏమవుతోంది? హైస్కూల్లో లైబ్రరీ చార్జి తెలుగు మాస్టారి మీదో, సోషల్ టీచరు మీదో పడుతుంది. ఆయనకి వారానికి ఉన్న పీరియడ్లే ఎక్కువ. పైగా పుస్తకం పోతే జీతంలోంచి కట్టుకోవాలనే టెన్షన్. అందుకని అలమరాకి తాళం వేస్తాడు. ఆయన్ని నేను తప్పు పట్టను. ఎవరూ ఆయనకి శిక్షణ ఇవ్వలేదు, ధైర్యమూ ఇవ్వలేదు. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన రంగనాథన్ గారు 1931లో చెప్పిన మొదటి సూత్రం 'పుస్తకాలు వాడుకోవడానికే'. అది గోడ మీద అందంగా రాసుంటుంది, దాని కిందే తాళం వేసిన అలమరా ఉంటుంది.

సరే, శిక్షణ ఉన్నవాళ్ల సంగతేమిటి? అంటే మన సంగతి. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. కొంచెం పొడుగు, అయినా చెబుతాను.

నేను సీతంపేట ఏజెన్సీ వైపు ఒక గురుకులంలో పనిచేసే రోజుల్లో, ఏడో తరగతి చదివే సవర తెగ అమ్మాయి ఒకతి సాయంత్రం స్టడీ అవర్‌కి ముందు లైబ్రరీకి వచ్చేది. పుస్తకం తీసేది, బొమ్మలు చూసేది, నాలుగు పేజీలు తిప్పి ఎక్కడిదక్కడ పెట్టేసేది. ఆ పుస్తకం వెన్ను మీద నా చేత్తో రాసిన 398.2 నంబరుంది. పుస్తకాలని విషయాన్నిబట్టి నంబర్లతో అమర్చే డ్యూయీ పద్ధతిలో అది జానపద కథల నంబరు. తెలుగు సాహిత్యానికి 894.827. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ పుస్తకం తీసి మళ్లీ పెట్టేసే పిల్లని ఎలా పలకరించాలో నా కోర్సులో ఏ పేపర్లోనూ లేదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను, ఎందుకు పెట్టేస్తున్నావమ్మా అని. "ఇందల మా కొండ నేదు మేడం. మా అమ్మమ్మ సెప్పే కతలు ఇలగుండవు" అంది.

ఎలా ఉంటాయో చెప్పమన్నాను. తను సవరలో చెప్పింది, పక్కనున్న స్నేహితురాలు తెలుగులోకి మార్చింది, ఇంకొకతి లాంగ్ నోట్‌బుక్‌లో రాసింది. ఎలుగుబంటి, జీలుగు చెట్టు, ఒక ముసలమ్మ. బొమ్మలు కూడా వాళ్లే వేశారు. పాత క్యాలెండర్ కాగితం అట్టగా వేసి దారంతో కుట్టారు. నేను దాన్ని యాక్సెషన్ రిజిస్టర్లోకి, అంటే లైబ్రరీకి వచ్చిన పుస్తకాలన్నీ రాసే పద్దులోకి ఎక్కించాను. నంబరు వేశాను, రచయిత గడిలో అమ్మమ్మ పేరు రాశాను, ఎక్కడినుంచి వచ్చింది అన్నచోట 'విరాళం' అన్నాను, ధర గడి ఖాళీగా వదిలేశాను.

స్టాక్ తనిఖీకి వచ్చినాయన ఆ వరస దగ్గర పెన్ను ఆపాడు. బిల్లేది? ధరేది? ప్రచురణకర్త ఎవరు? అబ్జెక్షన్ రాసి వెళ్లిపోయాడు. నేను రెండు పేజీల సంజాయిషీ రాసుకున్నాను. ఆ ఏడాది మా లైబ్రరీలో ఎక్కువ చేతులు మారిన పుస్తకం అదే. అట్ట ఊడిపోతే పిల్లలే మళ్లీ కుట్టుకున్నారు. ఇష్యూ రిజిస్టరు తిప్పి చూసుంటే ఆయనకే తెలిసేది. తిప్పలేదు. ఆ కోపం నాకింకా పోలేదు, ఇక్కడ దాచుకోను.

పిల్లల భాషలో పుస్తకం చెయ్యడం నేను కనిపెట్టిందేమీ కాదు. 1863లో మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకి వాచకాలు తయారుచేశారు, వాళ్ల కోసం బళ్లు పెట్టారు. ఈ జిల్లాల్లో పనిచెయ్యబోయే లైబ్రేరియన్‌కి ఇది పాఠంగా ఉండొద్దా? చెప్పండి, ఉండొద్దా?

బీఎడ్ రెండేళ్లు. అందులో కనీసం 16 వారాలు బడిలో గడపాలి. మన బీఎల్ఐఎస్సీ డిగ్రీ తర్వాత ఒక్క ఏడాది. వర్గీకరణ, కేటలాగు, రిఫరెన్సు, కంప్యూటరు, అన్నీ అవసరమే. ఒక్కటీ తీసెయ్యమనను. కేంద్రీయ విద్యాలయాల లైబ్రేరియన్ పోస్టుకి ఈ డిగ్రీయే పట్టుకెళతాం. పిల్లల మధ్య ఒక్క వారమైనా గడపకుండా పిల్లల లైబ్రేరియన్ అయిపోతాం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో బడి లైబ్రేరియన్‌కి లైబ్రరీ చదువుతో పాటు టీచరు సర్టిఫికెట్ కూడా ఉండాలి. అక్కడి ఫీజులు, జీతాలు మనకొద్దు, ఆ నియమం వెనకున్న ఆలోచన మనకి కావాలి.

రంగనాథన్ గారు కూడా లెక్కల మాస్టారే. 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ అయ్యాక ఇంగ్లండు పంపితే, క్లాసులో కూర్చోడంతో సరిపెట్టుకోలేదు. అక్కడి లైబ్రరీలు ఊరూరా తిరిగి చూశారు. మరి మీరెన్ని చూశారు తమ్ముళ్లూ? పక్క జిల్లాలో కథానిలయం ఉంది, తెలుగు కథల కోసమే పెట్టిన లైబ్రరీ. బడిపంతులుగా పనిచేసిన కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో తెరిచారు. తెలుగు కథ ఏ పాత పత్రికలో ఉన్నా తెచ్చి దాచాలని పట్టుబట్టిన మనిషి. ఇక్కడినుంచి బస్సెక్కితే పూట ప్రయాణం కూడా కాదు. వెళ్లండి, ఒక కథ కావాలని అడగండి, ఎలా వెతికి ఇస్తారో పక్కన నిలబడి చూడండి.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లోనే లైబ్రరీ డిప్లొమా మొదలుపెట్టింది. దేశంలో చాలా యూనివర్సిటీలకి ఆ ఊహ కూడా రాని రోజులవి. అంత ముందు నడిచిన చోట ఈ చిన్న మార్పు అడగడం అత్యాశేం కాదు.

చిట్టీ వచ్చింది, టైమైపోయిందిట. తీర్మానం రాసి తెచ్చాను, చదివేస్తాను. బీఎల్ఐఎస్సీలో పిల్లల పఠనం మీద ఒక పూర్తి పేపరు పెట్టాలి. బడిలో పనిచెయ్యదలచినవాళ్లకి బీఎడ్‌లో లాగే 16 వారాలు ఒక బడి లైబ్రరీలో శిక్షణ ఉండాలి. ప్రతి హైస్కూల్లో లైబ్రేరియన్ పోస్టు మంజూరు చెయ్యాలి, పిల్లలు వాడగా చిరిగిన పుస్తకానికి ఎవరి జీతంలోంచీ కోత పెట్టకూడదు.

కాగితం రెండో వరస దగ్గర మొదలవుతుంది. చదివి, ఒప్పుకుంటేనే సంతకం పెట్టండి. ఒప్పుకోనివాళ్లు భోజనాల దగ్గర నన్ను కలవండి, మాట్లాడుకుందాం.