మిడ్‌ఫీల్డర్‌ని గోల్స్‌తో తూచకండి: 2010 స్పెయిన్, బుస్కెట్స్ గొడవ

నమస్తే అండీ. నేరుగా విషయంలోకి వెళ్దాం, ఇవాళ చెప్పాల్సింది చాలా ఉంది.

ఫుట్‌బాల్‌లో, మైదానం మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డ్‌లో ఎవర్ని ఆడించాలన్న వాదన ఏ జట్టు గురించి మొదలైనా సరే, మూడో మాటకల్లా ఒకటే ప్రశ్న వస్తుంది. "వాడికి గోల్స్ ఎన్ని? అసిస్టులు, అంటే గోల్‌కి ముందు ఇచ్చిన పాస్‌లు, ఎన్ని?" ఇద్దరి పేర్లు పక్కపక్కన పెడతారు, కింద అంకెలు వేస్తారు. ఎక్కువున్నవాడు జట్టులోకి, తక్కువున్నవాడు బెంచ్ మీదికి. ఇది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. గోల్ కొట్టడమే పనైన స్ట్రైకర్ విషయంలో ఆ లెక్క కొంతవరకు నడుస్తుంది. మిడ్‌ఫీల్డ్‌లో నడవదు. ఎందుకు నడవదో చెప్పడానికి నాకు చాలా ఇష్టమైన ఒక గొడవ ఉంది. అది 2010 ప్రపంచ కప్‌లో స్పెయిన్ గొడవ.

హోల్డింగ్ మిడ్‌ఫీల్డర్ అంటే డిఫెన్స్ ముందు నిలబడి కాపలా కాసేవాడు, అంతవరకు గుర్తుపెట్టుకోండి. మిగతా పాఠాల జోలికి వెళ్లను.

(స్క్రీన్ మీద: 2010 జూన్ 16, డర్బన్. స్పెయిన్ 0, స్విట్జర్లాండ్ 1)

రెండేళ్ల కిందటే యూరో, అంటే యూరప్ దేశాల కప్పు, గెలిచిన జట్టు. కప్పు వీళ్లదే అని సగం ప్రపంచం అనుకుంటున్న జట్టు. మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయింది. మ్యాచ్ అంతా బంతి వాళ్ల కాళ్ల దగ్గరే ఉంది, మిడ్‌ఫీల్డర్ షాబి అలొన్సో కొట్టిన షాట్ క్రాస్‌బార్‌కి తగిలి వెనక్కొచ్చింది. అవతలివాళ్లకి ఒక పొడవాటి బంతి, బాక్సులో ఒక తోపులాట, జెల్సన్ ఫెర్నాండెజ్ కాలికి బంతి. అంతే, గోల్.

మర్నాటి నుంచి స్పెయిన్‌లో ఒకటే చర్చ. సెర్జియో బుస్కెట్స్ ఎందుకు? అతనికి అప్పటికి 22 కూడా నిండలేదు. రెండేళ్ల కిందట బార్సెలోనా బి జట్టుతో నాలుగో డివిజన్‌లో ఆడుతున్నాడు. పక్కనే షాబి అలొన్సో ఉన్నాడు కదా, అదే పని చేసేవాళ్లు ఇద్దరెందుకు? బెంచ్ మీద సెస్క్ ఫాబ్రెగాస్ కూర్చున్నాడు, ఆర్సెనల్ కెప్టెన్. అతన్ని బయట కూర్చోబెట్టి, గోల్ కొట్టని, గోల్ ఇప్పించని, పరుగైనా గట్టిగా తీయని పిల్లాణ్ణి ఆడిస్తారా?

ఆ వాదనని నేను కొట్టిపారేయను. అందులో గట్టి విషయం ఒకటి ఉంది. 2008 యూరోలో వెనకాల కాపలాకి మార్కోస్ సెన్నా ఒక్కడే ఉన్నాడు, కప్పు వచ్చింది. 2010లో ఆ చోట ఇద్దరయ్యారు. దాంతో జట్టు పాస్‌లన్నీ నడిపే మిడ్‌ఫీల్డర్ షావి ఇంకా ముందుకు జరగాల్సి వచ్చింది. షావి గొప్పదనమంతా మైదానం మొత్తం తన ఎదురుగా కనిపించేలా నిలబడి ఆడటంలో ఉంది. ముందుకు జరిపితే గోల్‌కి వీపు పెట్టి బంతి అందుకోవాలి. అంటే బుస్కెట్స్ కోసం షావిని ఇబ్బంది పెడుతున్నారు అన్నమాట. ఇది ఆలోచించి చేసిన విమర్శ. గోల్స్ లెక్క కన్నా వెయ్యి రెట్లు నయం.

మరి కోచ్ విసెంటె డెల్ బోస్కె ఏం చేశాడు? తాను మళ్లీ ఆటగాడిగా పుడితే బుస్కెట్స్‌లా ఉండాలనుకుంటానని చెప్పాడు. ఈ మాట అన్నది ఎవరో చూడండి. రియల్ మాడ్రిడ్ మిడ్‌ఫీల్డ్‌లో ఏళ్ల తరబడి ఆడిన మనిషి, ప్రత్యర్థి క్లబ్ బార్సెలోనా కుర్రాడి గురించి అన్నాడు. అని ఊరుకోలేదు. తర్వాతి మ్యాచ్‌లో సిల్వాని బయట పెట్టాడు, టోరెస్‌ని లోపలికి తెచ్చాడు. సెమీఫైనల్‌కి టోరెస్‌ని తీసి పెడ్రోని దింపాడు. ముందు వరసంతా అటూ ఇటూ మార్చాడు గానీ బుస్కెట్స్, అలొన్సో జంటని మాత్రం ముట్టుకోలేదు. ఏడు మ్యాచ్‌లకీ వాళ్లిద్దరూ మొదటి పదకొండులో ఉన్నారు.

ఎందుకో అర్థం కావాలంటే పెళ్లి భోజనాల దగ్గరికి రండి.

వడ్డన జరుగుతున్నప్పుడు గమనించండి. బూరెల బుట్ట పట్టుకొచ్చేవాడిని అందరూ చూస్తారు. "ఇంకోటి వెయ్యి బాబూ" అంటారు, ఫొటోలో పడేది కూడా అతనే. సాంబారు బకెట్ పట్టుకుని పరిగెత్తేవాడూ కనిపిస్తాడు. కానీ వరస మధ్యలో చేతిలో ఏ గిన్నే లేకుండా ఒకాయన నిలబడి ఉంటాడు. పెళ్లికూతురి బాబాయో, మేనమామో అయ్యుంటాడు. ఆయన కళ్లు ఆకుల మీదే ఉంటాయి. ఆ చివర పెద్దాయన ఆకులో అన్నం అయిపోతోందని, ఆ పెద్దాయన తల ఎత్తకముందే చూస్తాడు. అన్నం అటు పంపుతాడు, పెరుగు ఇప్పుడే వద్దంటాడు, ఇద్దరు కూరల వాళ్లు ఒకే వైపు వెళ్తుంటే ఒకణ్ణి వెనక్కి తిప్పుతాడు. భోజనం బాగా జరిగితే ఆయన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఆయన లేని రోజు తెలుస్తుంది ఆయన విలువ.

బుస్కెట్స్ ఆ బాబాయి. ఫాబ్రెగాస్ బూరెల బుట్ట. బూరెలు అద్భుతంగా ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ స్పెయిన్ దగ్గర అప్పటికే షావి, ఇనియెస్టా, విల్లా అనే మూడు బుట్టలు తిరుగుతున్నాయి. బాబాయిని పంపించేసి నాలుగో బుట్ట దించితే, ముందు వరస ఆకుల్లో బూరెలు గుట్టలు పడతాయి, వెనక వరసలో అన్నం ఉండదు.

(స్క్రీన్ మీద: టీమ్ బోర్డు. కుడి వైపు రామోస్ నుంచి ముందుకు బాణం)

ఇప్పుడు మైదానంలోకి వద్దాం. ఆ స్పెయిన్ జట్టులో కుడి వైపు గీతకి అంటుకుని ఆడేవాడు చాలాసార్లు ఉండేవాడు కాదు. ఇనియెస్టా లోపలికి వచ్చేస్తాడు, విల్లా మధ్యకి వచ్చేస్తాడు. మరి వెడల్పు ఎక్కడ నుంచి? ఫుల్‌బ్యాక్, అంటే పక్క వైపు డిఫెండర్, సెర్జియో రామోస్ నుంచి. రామోస్ అంత పైకి పరిగెత్తితే వెనకాల పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. నడిమధ్య డిఫెండర్ పికే అటు జరుగుతాడు. పికే జరిగితే నడిమధ్య ఖాళీ. అక్కడికి బుస్కెట్స్ నడుచుకుంటూ వస్తాడు. పరిగెత్తుకుంటూ కాదు, నడుచుకుంటూ! ఎందుకంటే రామోస్ కదలక ముందే అతను బయలుదేరాడు. బాబాయి ఆకు ఖాళీ అవ్వకముందే చూశాడు.

ఇంకోటి, బంతి అందుకునే ముందు అతని తల చూడండి. భుజం మీదుగా ఒకసారి ఇటు, ఒకసారి అటు చూస్తాడు. బంతి వచ్చేసరికి ఎవరు ఎక్కడున్నారో తెలుసు కాబట్టి ఒక్క తాకుతో పంపేస్తాడు. అయిదు మీటర్ల పాస్. టీవీలో చూస్తే "ఇదేముంది, నేనూ ఇస్తాను" అనిపిస్తుంది. కానీ అవతలి జట్టు ఇద్దరు మీదికి దూకుతున్న క్షణంలో, వాళ్లిద్దరి మధ్య నుంచి షావికి వెళ్లిన అయిదు మీటర్లు అవి. షావికి తిరగడానికి ఒక సెకను దొరుకుతుంది. షావికి ఒక సెకను చాలు. తర్వాత గోల్ పడితే విల్లా పేరు, పాస్ కింద ఇనియెస్టా పేరు. బుస్కెట్స్ పేరు ఎక్కడా ఉండదు. స్పెయిన్ తరఫున 143 మ్యాచ్‌లు ఆడాడు, గోల్స్ 2. ఈ అంకెలు పెట్టి అతన్ని ఎవరితో పోల్చినా ఓడిపోతాడు. అందుకే ఆ పోలికే తప్పు అంటున్నాను.

నన్నడిగితే అన్నిటికన్నా గొప్ప పని మూడోది. బంతి పోయిన మొదటి రెండు, మూడు సెకన్లు. కౌంటర్, అంటే అవతలివాళ్ల ఎదురుదాడి, మొదలయ్యేది అక్కడే. బంతి అందుకున్న మొదటి ప్రత్యర్థి దగ్గర అప్పటికే బుస్కెట్స్ నిలబడి ఉంటాడు. లాక్కుంటే సరే. లాక్కోకపోయినా అవతలివాడు ముందుకి కాకుండా వెనక్కి పాస్ ఇస్తాడు, ఈలోగా జట్టంతా వెనక్కి సర్దుకుంటుంది. అవతలివాడు ఇవ్వాలనుకుని మానుకున్న పాస్‌ని ఏ స్టాట్స్ పట్టికలో రాస్తారు? జరగని దానికి గడి ఉండదు.

జూలై 7 సెమీఫైనల్ మళ్లీ చూడండి. జర్మనీ అంతకుముందు ఇంగ్లండ్‌కి 4, అర్జెంటీనాకి 4 గోల్స్ కొట్టి వచ్చింది. వాళ్ల బలమంతా కౌంటర్, ఆ కౌంటర్‌కి మధ్యలో ఓజిల్. ఆ రాత్రి ఓజిల్ ఎక్కడికి జరిగితే అక్కడ బుస్కెట్స్ ఉన్నాడు. అన్ని గోల్స్ కొట్టిన జట్టు ఒక్కటి కూడా కొట్టలేకపోయింది. 73వ నిమిషంలో షావి కార్నర్‌కి పుయోల్ తల పెట్టాడు, 1-0. పోర్చుగల్, పరాగ్వే, జర్మనీ, నెదర్లాండ్స్, నాకౌట్‌లో నాలుగూ 1-0లే. ఏడు మ్యాచ్‌లలో స్పెయిన్ ఇచ్చిన గోల్స్ మొత్తం 2. మొదటి మ్యాచ్ ఓడి ప్రపంచ కప్ గెలిచిన మొదటి జట్టు అది.

"మరి ఫైనల్లో?" అంటారు ఫాబ్రెగాస్ అభిమానులు. న్యాయమైన ప్రశ్నే. ఫాబ్రెగాస్ ఆ టోర్నీలో ఒక్క మ్యాచ్ కూడా మొదటి నుంచి ఆడలేదు. ఫైనల్లో 87వ నిమిషంలో వచ్చాడు. అదనపు సమయంలో, 116వ నిమిషంలో, గోల్ కొట్టిన ఇనియెస్టాకి ఆ చివరి పాస్ ఇచ్చింది అతనే. కానీ ఎవరి బదులు వచ్చాడు? అలొన్సో బదులు. బుస్కెట్స్ 120 నిమిషాలూ మైదానంలోనే ఉన్నాడు. నెదర్లాండ్స్ వాళ్లు అలిసిపోయారు, వాళ్ల డిఫెండర్ హైటింగా రెడ్ కార్డుతో వెళ్లిపోయాడు, ఖాళీలు తెరుచుకున్నాయి. వరస మొత్తానికీ అన్నం అందాక, బాబాయి అక్కడే నిలబడి ఉండగా, ఇంకో బూరెల బుట్ట దించితే ఎవరు వద్దంటారు? డెల్ బోస్కె ఫాబ్రెగాస్‌ని తక్కువ చెయ్యలేదు, అతని వేళ వచ్చేదాకా ఆపాడు.

డెల్ బోస్కె అంత మొండిగా ఎందుకున్నాడో నాకు ఒక అభిప్రాయం ఉంది. ఏడేళ్లు వెనక్కి వెళ్దాం. 2003లో కోచ్‌గా రియల్ మాడ్రిడ్‌తో లీగ్ గెలిచాడు. గెలిచిన వెంటనే క్లబ్ ఆయన్ని సాగనంపింది. అదే వేసవిలో బెక్‌హమ్‌ని కొన్నారు, వెనకాల కాపలా కాసే మకెలెలెని చెల్సీకి అమ్మేశారు. జిదాన్, ఫిగో, రొనాల్డో, రౌల్ ఇంతమంది ఉన్న జట్టులోకి ఇంకో బుట్ట వచ్చింది, బాబాయి వెళ్లిపోయాడు. తర్వాతి సీజన్లో మాడ్రిడ్ నాలుగో స్థానంలో ముగించింది. మూడు సీజన్ల పాటు లీగూ లేదు, ఛాంపియన్స్ లీగూ లేదు. కారణం అదొక్కటే అనను. కానీ అది కళ్లారా చూసిన మనిషి, 2010లో పత్రికల మాట విని బుస్కెట్స్‌ని తీసేస్తాడా?

టైమ్ అయిపోతోంది, ఇంకో రెండు విషయాలు త్వరగా చెప్పేస్తాను.

ఇంగ్లండ్. జెరార్డ్, లాంపార్డ్. ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అవార్డులో, 2005లో, రొనాల్డీనో తర్వాత రెండు, మూడు స్థానాలు వీళ్లవే. లెక్క ప్రకారం చూస్తే అంతకన్నా మంచి మిడ్‌ఫీల్డ్ ఉండకూడదు. మైదానంలో మాత్రం ఇద్దరూ బుట్టలు పట్టుకుని ఒకే ఆకు దగ్గరికి పరిగెత్తేవాళ్లు. 2006 క్వార్టర్ ఫైనల్లో పోర్చుగల్ మీద రూనీ రెడ్ కార్డు తిన్నాక, పది మందితో జట్టుని నిలబెట్టింది వాళ్లిద్దరూ కాదు, ఓవెన్ హార్‌గ్రీవ్స్. టోర్నీకి ముందు "ఇతనెందుకు జట్టులో" అని చాలామంది అడిగిన మనిషి. పెనాల్టీ షూటౌట్‌లో ఇంగ్లండ్ తరఫున గోల్ చేసింది కూడా అతనొక్కడే. ఇక ఇంకో ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డర్ స్కోల్స్‌ని ఎడమ పక్కకి నెట్టిన కథ ఉంది, దానికి వేరే వీడియో కావాలి.

రెండోది అర్జెంటీనా, 2022. ఇది తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే "అంటే కోచ్ మొండిగా ఉంటే చాలా?" అని మీరు అడుగుతారు. కాదు. అర్జెంటీనా కూడా మొదటి మ్యాచ్ ఓడింది, సౌదీ చేతిలో 2-1. కోచ్ స్కలోని మాత్రం మిడ్‌ఫీల్డ్‌నే మార్చాడు. పరేదెస్ బయటికి వెళ్లాడు, మెక్సికో మీద మకాలిస్టర్ వచ్చాడు. అదే మ్యాచ్‌లో ఎంజో ఫెర్నాండెజ్ బెంచ్ మీద నుంచి వచ్చి 87వ నిమిషంలో గోల్ కొట్టాడు. పోలాండ్ మ్యాచ్ నుంచి మొదటి పదకొండులో స్థిరపడ్డాడు, చివరికి టోర్నీలో ఉత్తమ యువ ఆటగాడయ్యాడు. జట్టు కప్పు గెలిచింది.

డెల్ బోస్కె మార్చలేదు, స్కలోని మార్చాడు. ఇద్దరిదీ సరైన నిర్ణయమే, ఎందుకంటే ఇద్దరి ఓటమీ ఒకటి కాదు. స్విస్ మ్యాచ్‌లో స్పెయిన్ ఆట చెదరలేదు. బంతి వాళ్ల దగ్గరే ఉంది, అవకాశాలు వచ్చాయి, ఒక్క తోపులాటలో గోల్ పోయింది. అర్జెంటీనా సౌదీ మీద 48వ నిమిషం నుంచి 53వ నిమిషంలోపు రెండు గోల్స్ ఇచ్చింది. ఆ తర్వాత మధ్యలో బంతి పట్టుకుని జట్టుని కుదుటపరిచేవాడు కనిపించలేదు. వడ్డన సరిగా జరుగుతుండగా ఒక ఆకు గాలికి ఎగిరితే బాబాయిని మార్చరు. రెండు వరసలకి అన్నమే అందకపోతే మార్చాలి.

కాబట్టి ఈసారి మీ జట్టులో ఎవరు ఆడాలి అనే వాదన మొదలైతే, ఆ మిడ్‌ఫీల్డర్‌ని వదిలేసి ఫుల్‌బ్యాక్‌ని పది నిమిషాలు చూడండి. అతను పైకి వెళ్లిన ప్రతిసారీ వెనకాల ఎవరు నిలబడుతున్నారో, బంతి పోయాక మొదట ఎవరు చేరుతున్నారో రాసుకోండి. ఆ పేరు పెట్టి వాదించండి, నేను వింటాను. వచ్చే వీడియోలో స్కోల్స్.