విమానం ఎక్కే ముందు వేయాల్సిన లెక్క

శ్రోతలకు నమస్కారం.

తెలంగాణ పల్లెల్లో ఒక మాట ఉంది: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. ఊళ్లో పని దొరకనివాళ్లు పట్టే మూడు దారులవి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ జిల్లాల్లో ఆ మూడో దారి ఇంకా మూతపడలేదు. ఆంధ్రలో రాయచోటి, రాజంపేట వైపు నుంచి మగవాళ్లూ ఆడవాళ్లూ కువైట్‌కు పోతున్నారు. కోనసీమ, పశ్చిమగోదావరి పల్లెల నుంచి ఇంటిపనికి పోయే ఆడవాళ్లు ఎక్కువ. దేశం ఏదైనా ఊళ్లో మాత్రం "దుబాయి పోయిండు" అనే అంటారు.

ఇవాళ అప్పు గురించి మాట్లాడుకుందాం. బోర్లు వేసి నీళ్లు పడక అప్పులైన ఇంటి నుంచి కుర్రవాడు ఆ అప్పు తీర్చడానికి బయల్దేరతాడు. వీసా కోసం ఇంకో అప్పు చేస్తాడు. ఆ రెండో అప్పు ఎంత, ఏ వడ్డీకి అన్నదాని మీదే అతని మిగతా కథంతా నడుస్తుంది. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జీతం నెలకు 1,000 దిర్హమ్‌లు. గది కంపెనీదే, తిండి ఖర్చు మనది. మెస్సుకు 300, ఫోను, సబ్బులు, మందులకు 100 పోతే చేతిలో మిగిలేవి 600. దిర్హమ్ 23 రూపాయలనుకుంటే ఇంటికి చేరేది 13,800 రూపాయలు. ఇంట్లో బియ్యం, బడి ఫీజులు, ముసలివాళ్ల మందులకు 6,000 తీసేయండి. మిగిలినవి 7,800.

ఇప్పుడు అప్పు. ఏజెంటుకు కట్టింది 1,20,000. నూటికి మూడు రూపాయల వడ్డీ, అంటే నెలకు 3,600. ఆ 7,800లో వడ్డీ పోగా మిగిలేది 4,200. ఊళ్లో అప్పిచ్చేవాళ్లు అసలులో కొంచెం కొంచెం తీసుకోవడానికి సాధారణంగా ఒప్పుకోరు, మొత్తం ఒక్కసారే తెమ్మంటారు. అందుకే వడ్డీ తగ్గదు. నెలకు 4,200 చొప్పున 1,20,000 పోగు కావాలంటే 28 నెలలు దాటుతుంది. కాంట్రాక్టేమో రెండేళ్లు, అంటే 24 నెలలు. ఒక్క రోజు జ్వరం రాకుండా, ఒక్క నెల జీతం ఆగకుండా పనిచేసినా, కాంట్రాక్టు ముగిసే రోజుకు అప్పు తీరదు. పైగా చాలాచోట్ల మొదటి జీతం చేతికొచ్చేసరికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. అన్ని నెలలూ వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

మరి చట్టం ప్రకారం కట్టాల్సింది ఎంత? భారత ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన ఏజెంటు కార్మికుడి నుంచి తీసుకోదగ్గ సర్వీసు చార్జీ 30,000 రూపాయలు మించకూడదు. దానిపై 18 శాతం జీఎస్‌టీ 5,400. మొత్తం 35,400. దానికి రసీదు ఇచ్చి తీరాలి. అదే జీతం, అదే ఖర్చు, అదే మూడు రూపాయల వడ్డీతో ఈ మొత్తానికి లెక్క వేయండి. వడ్డీ నెలకు 1,062. మిగిలేది 6,738. ఆరో నెలకల్లా అప్పు తీరిపోతుంది. మిగతా పద్దెనిమిది నెలల సంపాదన ఇంటిది.

ఒకే మనిషి, ఒకే పని. ఒక లెక్కలో ఆరు నెలలు, ఇంకో లెక్కలో 28 నెలలు. జీతం ఎంత అని అడిగేవాళ్లే అందరూ. ఏజెంటుకు ఎంత కట్టావు, రసీదు ఏది అని అడిగేవాళ్లు ఇంట్లో ఒక్కరైనా ఉండాలి.

ఆ పై 85,000 ఎక్కడికి పోతుంది? ఊరి మనిషి, మండలంలో సబ్ ఏజెంటు, హైదరాబాద్‌లోనో ముంబయిలోనో కూర్చున్న ఆఫీసు, అవతలి దేశంలో వీసా అమ్మేవాడు, ఇలా తలా కొంత. 1983 ఎమిగ్రేషన్ చట్టం సబ్ ఏజెంటు అనే మనిషిని గుర్తించదు. లైసెన్సు లేకుండా విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపడం నేరం. అయినా మన ఊళ్లలో నమ్మకం కాగితం మీద ఉండదు, మనిషి మీద ఉంటుంది. "మా మేనమామ దోస్తు" అన్న మాటతో లక్ష రూపాయలు రసీదు లేకుండా చేతులు మారతాయి. తర్వాత పోలీస్ స్టేషనుకు పోతే అడిగే మొదటి ప్రశ్న, డబ్బు ఇచ్చినట్టు రుజువేది అని. అందుకే నగదుగా ఇవ్వకండి. బ్యాంకు నుంచో ఫోన్‌పే, గూగుల్‌పే లాంటి వాటి నుంచో పంపండి. అదొక్కటే రేపు మీకు సాక్షి. లైసెన్సు ఉందో లేదో విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఏజెన్సీ పేరు కొట్టి చూడొచ్చు. ఇంటర్నెట్ తెలిసిన కుర్రవాడు పక్కనుంటే అయిదు నిమిషాల పని.

డబ్బు ఎప్పుడు ఇవ్వాలన్నది కూడా ముఖ్యమే. మెడికల్ పరీక్ష అయ్యేదాకా ఏజెంటుకు పైసా ఇవ్వకండి. ఎప్పుడో చిన్నప్పుడు టీబీ వచ్చి తగ్గిపోయినా, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ కనబడితే అన్‌ఫిట్ రాస్తారు. మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు, మచ్చ మాత్రం పోదు. అప్పటికే యాభై వేలు ఇచ్చేసి ఉంటే అవి వెనక్కి రావడం కష్టం. అక్కడ దిగాక మళ్లీ పరీక్ష చేస్తారు. టీబీ, హెచ్‌ఐవీ, హెపటైటిస్ లాంటివి బయటపడితే తిప్పి పంపిస్తారు. అనుమానం ఉన్నవాళ్లు ముందే మన ప్రభుత్వాసుపత్రిలో ఎక్స్‌రే తీయించుకుంటే ఆ సంగతి తక్కువ ఖర్చుతో తేలిపోతుంది.

ఇక వీసా. పదో తరగతి పాస్ కాని చాలామంది పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది, అంటే ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమని. అలాంటివాళ్లు ఆరు గల్ఫ్ దేశాలు, ఇరాక్, మలేషియా, థాయ్‌లాండ్ సహా 18 దేశాలకు ఉద్యోగం మీద పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు తప్పనిసరి. ఆ క్లియరెన్సు ఇచ్చేముందు అధికారులు కాంట్రాక్టు, జీతం చూస్తారు, బీమా చేయించారో లేదో చూస్తారు. ఇది మనకు అడ్డంకి అని ఏజెంటు చెబుతాడు. నిజానికి అది మన రక్షణకు పెట్టిన గేటు. ఆ గేటును తప్పించడానికే విజిట్ వీసా అంటగడతారు. చూడ్డానికి పోయేవాడికి క్లియరెన్సు అక్కర్లేదు కదా! "అక్కడికి పోయాక కంపెనీ వీసాగా మారుస్తాం" అంటారు. మారిస్తే అదృష్టం. మార్చకపోతే, గడువు దాటిన మర్నాటి నుంచి యూఏఈలో రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా. నెలకు 1,500. మన ఉదాహరణలో జీతమే 1,000. ఆ జరిమానా కట్టలేనివాళ్లు చాలామంది ఎప్పుడో ప్రకటించే ఆమ్నెస్టీ కోసం ఎదురుచూడాల్సిందే. 2024లో కువైట్‌లో మార్చి నుంచి జూన్ దాకా, యూఏఈలో సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా అలాంటి క్షమాభిక్ష నడిచింది. మళ్లీ ఎప్పుడిస్తారో ఎవరూ చెప్పలేరు.

ఆజాద్ వీసా ఇంకో ఉచ్చు. పేరులో స్వేచ్ఛ ఉంది, చట్టంలో అలాంటి వీసా లేదు. కాగితం మీద ఒక కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన అక్కడి యజమాని దగ్గర, డ్రైవరో తోటమాలో అని ఉంటుంది, పని ఇంకెక్కడో వెతుక్కోవాలి. ఏటా అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు) రెన్యువల్ ఖర్చు, కఫీల్ వాటా కార్మికుడి నెత్తినే పడతాయి. సౌదీలో విదేశీ కార్మికుల మీద కంపెనీ కట్టాల్సిన లెవీ 2020 నాటికి మనిషికి నెలకు 700, 800 రియాల్‌లకు చేరింది. చట్టం ప్రకారం అది కంపెనీ కట్టాలి. ఆజాద్ వీసా మీద ఉన్నవాడి దగ్గర మాత్రం కఫీల్ దాన్ని వసూలు చేసుకుంటాడు. కట్టలేకపోతే అకామా రెన్యువల్ కాదు. కఫీల్‌కు కోపం వస్తే పారిపోయాడని రాస్తాడు, దాన్నే హురూబ్ అంటారు. ఆ తర్వాత కాగితాలు లేని ఆ మనిషిని మనవాళ్లు "ఖల్లివల్లి" అంటారు. బ్యాంకు ఖాతా ఉండదు, ఆసుపత్రికి పోవాలంటే భయం, ఇంట్లో తల్లి చనిపోయినా విమానం ఎక్కలేడు.

కొందరు చదువుకున్న పిల్లల కోసం రెండు మాటలు. డిగ్రీ పాసైనవాళ్లకు ఈసీఆర్ గేటు లేదు, అందుకే వాళ్లను వేరే వల వేసి పడతారు. డేటా ఎంట్రీ, కస్టమర్ సపోర్ట్, బ్యాంకాక్‌లో ఉద్యోగం, వీసా అక్కర్లేదు అంటారు. బ్యాంకాక్‌లో దించి, థాయ్‌లాండ్ సరిహద్దు ఊరు మే సోట్ దాకా తీసుకుపోయి, నది దాటించి మయన్మార్‌లోని మ్యావాడీలో సైబర్ మోసాలు చేయిస్తారు. కంబోడియాలో ఇలా చిక్కుకున్న భారతీయులు 2024 మేలో తిరగబడ్డారు, వాళ్లలో విశాఖ వైపు కుర్రవాళ్లు ఉన్నారు. ఉద్యోగం ఇచ్చేవాడు టూరిస్టుగా రమ్మంటే అక్కడే ఆగిపోండి.

మళ్లీ గల్ఫ్‌కు వద్దాం. అక్కడి పనుల తీరు మారుతోంది. 2011లో సౌదీ నితాఖత్ అనే పద్ధతి తెచ్చి, ఎంతమంది స్థానికులకు ఉద్యోగాలిచ్చారో చూసి కంపెనీలకు గ్రేడులు కట్టింది. 2016లో చమురు ధర పడిపోయినప్పుడు వేలమంది భారతీయ కార్మికులు జీతాలు లేక సౌదీ క్యాంపుల్లో నెలల తరబడి చిక్కుకున్నారు. ఖతర్‌లో 2022 ప్రపంచకప్ అయ్యాక కట్టడాల పని తగ్గింది. ఇలాంటప్పుడు మొదట ఇంటికి పంపేది హెల్పర్‌నే. షట్టరింగ్ కార్పెంటర్, వెల్డర్, ఏసీ మెకానిక్, ఎలక్ట్రీషియన్ చేతిలో పనుంటుంది గనక వాళ్లకు వేరే కంపెనీ దొరకొచ్చు. సౌదీ ఇప్పుడు ప్లంబరు, వెల్డరు, ఎలక్ట్రీషియను లాంటి పనులకు మన దేశంలోనే స్కిల్ టెస్టు పెట్టి, పాసైతేనే వీసా ఇస్తోంది. హైదరాబాద్ మాదాపూర్‌లోని న్యాక్ సంస్థలో కట్టడాల పనులు నేర్పుతారు, జిల్లాల్లో ఐటీఐలు ఉన్నాయి. ఏజెంటుకు అదనంగా కట్టే 85,000 ముందు ఆ శిక్షణ ఖర్చు చాలా చిన్నది. విదేశీ ఉద్యోగాల కోసం రాష్ట్రాలకు సొంత సంస్థలూ ఉన్నాయి, తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్. ముందు వాటి తలుపు తట్టి చూడండి.

కాంట్రాక్టులో ఒక మాట వెతకండి: బేసిక్. ఏజెంటు 1,200 అంటాడు. కాగితంలో బేసిక్ 700, మిగతావి అలవెన్సులు అని ఉంటుంది. ఓవర్‌టైమ్ కట్టేదీ, యూఏఈలో పని మానేసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ లెక్కగట్టేదీ ఆ 700 మీదే. యూఏఈలో మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున గ్రాట్యుటీ వస్తుంది. ఇంకో మోసం, ఇక్కడ ఒక కాంట్రాక్టు చూపించి అక్కడ దిగాక తక్కువ జీతంతో వేరేది సంతకం పెట్టించుకోవడం. అందుకే ఇక్కడ సంతకం పెట్టిన ప్రతి పేజీని ఫోటో తీసి ఇంట్లోవాళ్ల ఫోనుకు పంపండి. కనీస వేతనం తెలిసి ఉండటం మంచిది. ఖతర్‌లో 2021 మార్చి నుంచి కనీసం 1,000 రియాల్‌లు, తిండి పెట్టకపోతే ఇంకో 300, వసతి ఇవ్వకపోతే ఇంకో 500. మన ప్రభుత్వం కూడా గల్ఫ్ దేశాలకు కనీస రిఫరల్ వేతనం, అంటే మనవాళ్లను పంపడానికి ఉండాల్సిన కనీస జీతం, నిర్ణయిస్తుంది. 2020 సెప్టెంబరులో దాన్ని బాగా తగ్గించారు. తెలంగాణ హైకోర్టులో కేసు పడింది, 2021 జులైలో పాత రేట్లే తిరిగి వచ్చాయి. అడిగితేనే వచ్చాయని గుర్తుపెట్టుకోవాలి.

ఇంటిపనికి పోయే అక్కచెల్లెళ్లకు నిబంధనలు వేరు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండకుండా ఇంటిపనికి క్లియరెన్సు ఇవ్వరు. నిండినా ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే పోవాలి. ప్రైవేటు ఏజెంటు మస్కట్‌కో దుబాయికో విజిట్ వీసా ఇచ్చి, అక్కడి నుంచి ఇంకో దేశానికి పంపుతానంటే, ఆ దారిలో మీ పేరు ఏ ప్రభుత్వ రికార్డులోనూ ఉండదు. కువైట్ చట్టం ఇంటిపని మనిషికి వారానికి ఒక రోజు సెలవు ఇచ్చింది, రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదంది, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదంది. అక్కడ కనీస జీతం 60 దీనార్లని 2016లో నిర్ణయించారు. కొట్టినా, జీతం ఆపినా కువైట్‌లోని మన రాయబార కార్యాలయానికి చేరగలిగితే ఆడవాళ్లకు అక్కడ ఆశ్రయం ఉంది. రోడ్డు మీద ఎవరో పని ఇప్పిస్తామంటే పోవడం మాత్రం ప్రమాదం.

బీమా సంగతి ఇంట్లో ఉన్నవాళ్లు శ్రద్ధగా వినాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. ఈసీఆర్ వాళ్లకు ఇది తప్పనిసరి. చాలా ఇళ్లలో పాలసీ ఉందన్న సంగతే భార్యకు తెలియదు, కాగితం అతని సూట్‌కేసులోనే పోతుంది. నిద్రలో గుండె ఆగి చనిపోతే ఈ బీమా రాదు, ఎడారి ఎండలో పనిచేసేవాళ్లకు అలాంటి చావులే ఎక్కువగా వింటున్నాం. తెలంగాణ కార్మికుడైతే, 2023 డిసెంబరు 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి రాష్ట్రం 5 లక్షలు ఇస్తుంది. దరఖాస్తు జిల్లా కలెక్టరుకు పెట్టాలి. డెత్ సర్టిఫికెట్, రద్దయిన పాస్‌పోర్టు జాగ్రత్త చేయండి.

జీతం ఆగితే క్యాంపు వదిలి పారిపోకండి, హురూబ్ పడితే మీ ఫిర్యాదుకు బలం పోతుంది. టైమ్‌షీట్ ఫోటోలు, బ్యాంకు స్టేట్‌మెంటు, సూపర్‌వైజర్ మెసేజీలు దాచి, అక్కడి లేబర్ ఆఫీసులో కేసు వేయండి. సౌదీలో పని ముగిసిన ఏడాదిలోపు వేయాలి. ఇక్కడి నుంచి ఇంట్లోవాళ్లు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

ఇక సూట్‌కేసు సర్దేటప్పుడు ఒక్క విషయం. గసగసాలు పెట్టకండి. మన వంటింట్లో అవి మసాలా దినుసు, యూఏఈ, సౌదీ, ఖతర్ విమానాశ్రయాల్లో మాదకద్రవ్యం కింద లెక్క. చికెన్ మసాలా పొడిలో కలిపి ఉన్నా చిక్కే. ఎవరో పక్కింటివాళ్లు తమవాళ్లకు ఇమ్మని కుట్టేసి ఇచ్చిన మూటను విప్పి చూడకుండా తీసుకోకండి. కోడీన్ ఉన్న దగ్గుమందు, ట్రామడాల్ మాత్రలు డాక్టరు చీటీ ఉన్నా అక్కడి అనుమతి లేకుండా తేకూడదు.

పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, బీమా పాలసీ, ఏజెంటు రసీదు, ఈ అయిదింటి జిరాక్సులు ఇంట్లో బియ్యం డబ్బా పక్కనో దేవుడి గూట్లోనో, అందరికీ తెలిసినచోట ఒక కవరులో పెట్టండి. ఆ కవరు మీద ఈ నంబరు రాయండి: 1800 11 3090. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం, డబ్బు పడని నంబరు. యూఏఈలో ఉన్నవాళ్లకు 800 46342. మరోసారి చెబుతున్నాను, రాసుకోండి: 1800 11 3090.