ముత్తాతకి తగిలిన 'ప్ర', రష్యా దాకా

తద్దినాలు పెట్టే ఇంట్లో పెరిగినవాళ్ల చెవిన ఈ మూడు మాటలు పడే ఉంటాయి: పితృ, పితామహ, ప్రపితామహ. అంటే నాన్న, తాత, ముత్తాత. ఆఖరి మాట ముందున్న ఆ 'ప్ర'ని గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే రష్యన్‌లో తాత 'దేద్' అయితే ముత్తాత 'ప్రదేద్'.

కవి పుష్కిన్‌కి తల్లి వైపు ప్రదేద్ అబ్రామ్ గన్నిబాల్, ఆఫ్రికా నుంచి పిల్లాడిగా వచ్చి పీటర్ చక్రవర్తి కొలువులో పెరిగిన మనిషి. ఆయన కథ మీద పుష్కిన్ 1827లో నవల మొదలుపెట్టాడు గానీ పూర్తి చెయ్యలేదు. ఇంకో తరం వెనక్కి పోవాలా? ఇంకో ప్ర తగిలించండి, ప్రప్రదేద్, అంతే!

ఇది చూసి రష్యన్ సంస్కృతం నుంచే పుట్టిందని వాట్సాప్‌లో తిప్పేస్తుంటారు, అది మాత్రం కాదండీ. రెండూ ఒకే పాత భాష నుంచి విడివిడిగా వచ్చాయి, అక్కచెల్లెళ్ల పిల్లల్లాగా. ఆ పాత భాషలో ముందు అనే అర్థంతో 'ప్రొ' ఉండేది, దాన్నే సాగదీసిన 'ప్రో' కూడా ఉండేది. రష్యన్, చెక్ లాంటి స్లావిక్ భాషల్లో దీర్ఘం ఉన్నది 'ప్ర' అయింది, పొట్టిది 'ప్రొ'గానే మిగిలింది. సంస్కృతంలో ఆ పొట్టి 'ఒ' కాస్తా 'అ' అయిపోవడంతో మన 'ప్ర' వచ్చింది. అందుకే మనం అవార్డుల 'ప్రదానం' అంటుంటే, అవే రెండు ముక్కలు కలిసి రష్యన్‌లో 'ప్రొదాత్' అయ్యాయి. అర్థం మాత్రం అమ్మడం! ఇచ్చేయడమేగా, కాకపోతే డబ్బులు పుచ్చుకుని.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన తిరకాసు. 'ప్ర' అంటే ముందు అనుకున్నాం కదా, మరి రష్యన్‌లో మునిమనవణ్ణి 'ప్రవ్నుక్' అంటారేంటి, వాడు మనకి ముందు ఎలా పుట్టాడు? నాకు అనిపించేది ఏంటంటే, ఇక్కడ ప్ర వెనకా ముందూ చూడదు, మన నుంచి ఇంకో మెట్టు అవతల అని మాత్రమే చెబుతుంది. నవ్వకండి, మన 'మునిమనవడు'లో ఉన్నది కూడా మునిపళ్లు, మునివేళ్లలో ఉన్న ముందు అనే 'ముని'యే, తపస్సు చేసే ముని కాదు.

చెక్‌లో 'లెస్' అంటే అడవి, 'ప్రలెస్' అంటే మనిషి చెయ్యి పడని ఆదిమ అడవి. అక్కడి బౌబీన్ కొండ మీది ప్రలెస్‌ని 1858 నుంచే కాపాడుకుంటున్నారు. రష్యన్ భాషావేత్తలు వాడే 'ప్రయజిక్', అంటే మూలభాష, జర్మన్ మాటకి నకలుగా తయారు చేసుకున్నది.

అయితే ప్ర కనిపించిన చోటల్లా ఇదే అనుకోకండి. పండగని రష్యన్‌లో 'ప్రాజ్నిక్' అంటారు, నేనూ మొదట దీన్ని ఈ లెక్కలోనే వేసేశాను. కానీ అందులో ప్ర విడిగా లేదు, ఖాళీ అనే అర్థమున్న పాత మాటలో భాగం అది. పని లేని రోజు, అందుకే పండగ.