బొత్తాలింకా కొనలేదు

శ్రోతలందరికీ నమస్కారం.

చెన్నైలో ఉంటూ ఊలు స్వెట్టర్లు అల్లుతానంటే విన్నవాళ్లు ముందు నవ్వుతారు. ఈ ఊళ్లో చలెక్కడిదండీ అంటారు. నిజమే, డిసెంబరు తెల్లవారుజామున కూడా ఇక్కడ 20 డిగ్రీల కిందికి దిగడం అరుదు. అయినా మార్గళి నెల వచ్చిందంటే మెరీనాలో నడకకొచ్చే పెద్దవాళ్ల తలలు చూడండి, సగానికి సగం మంకీ క్యాపులే. వాళ్ల సంగతి అలా ఉంచితే, మనకు చలి లేకపోయినా చలి ఊళ్లలో మనకు చుట్టాలున్నారు కదా. ఢిల్లీలో మేనల్లుడు, డల్లాస్‌లో పురుడు పోసుకోబోయే ఆడపడుచు కూతురు, ధనుర్మాసంలో తిరుమల వెళ్లి రాత్రంతా క్యూలో వణికే మామయ్య.

దసరా దాటితే మా ఇంట్లో సంచులు మొదలవుతాయి. ఈ ఏడాది నాలుగు. ఒకదాంట్లో మేనల్లుడి స్వెట్టరు. ఇంకోదాంట్లో పుట్టబోయే బిడ్డకు టోపీ, మేజోళ్లు. మూడోది క్రోషియా, అంటే ఒకే కొక్కెంతో అల్లే చదరాల దుప్పటి. నాలుగోది పూజగది గుమ్మానికి తెల్ల నూలు తోరణం, సంక్రాంతి బొమ్మల కొలువు నాటికి వేలాడాలి.

"ఒకటి తెమల్చుకుని ఇంకోటి పట్టుకోవచ్చుగా అమ్మాయ్, ఇంట్లో ఎక్కడ చూసినా దారాలే" అంటారు మా అత్తయ్య. ఆవిడ మాట తీసిపారెయ్యలేను. మొన్న ఆవిడ ఉప్మాలోంచి నీలం ఊలు పోగు తీశారు మరి. కానీ నా వాదన కూడా వినండి. నాలుగు పనులు ఒకేసారి నడిస్తే నష్టం లేదు. ఒకే రకం పనులు రెండు నడిస్తేనే నష్టం. ఇది నాకు పోయిన ఏడాది బాగా తెలిసొచ్చింది. ఆ కథ తర్వాత చెప్తాను.

నేను రోజూ క్రోంపేటలో ఎలక్ట్రిక్ ట్రెయిన్ ఎక్కి బీచ్ స్టేషన్ దాకా వెళ్తాను. ముగ్గురి సీటులో నలుగురం కూర్చుంటాం. అక్కడ ఏ పని చెయ్యగలం? రెండు పొడుగు సూదులు పట్టుకుంటే పక్కావిడ డొక్కలో పొడుస్తాం. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. సూదులతో అల్లేటప్పుడు వరసలో ఉన్న డెబ్భై కుట్లూ సూది మీదే ఉంటాయి. ఎవరి సంచి పట్టీయో తగిలి సూది జారిందంటే ఒక్కో కుట్టూ కిందికి పరిగెడుతుంది. పైన మొదలై కింద అంచు దాకా నిచ్చెన మెట్లలా విడిపోతుంది. క్రోషియాలో అలా కాదు. ఎంత పెద్ద దుప్పటైనా కొక్కేనికి ఉండేది ఒకే ఒక ఉచ్చు. అది ఊడినా పోయేది రెండు మూడు కుట్లే. అందుకని రైలు సంచిలో చదరాలే. పల్లావరంలో మొదలుపెట్టిన చదరం, మాంబళంలో దిగేవాళ్ల తోపులాట మొదలయ్యేసరికి నాలుగో చుట్టులో ఉంటుంది. లేచి నిలబడాల్సొస్తే చదరాన్ని చీర కొంగులో చుట్టేసుకుంటాను.

రాత్రి సీరియల్ ముందు చేసేది స్వెట్టరు చేతులు. లెక్క లేని పని, కన్ను తెర మీదున్నా వేళ్లు నడుస్తుంటాయి. రెండు చేతులూ ఒకే సూది మీద, రెండు ఉండలతో, పక్కపక్కనే అల్లేస్తాను. విడివిడిగా అల్లితే రెండోది ఎప్పుడూ ఒక అంగుళం తేడా వస్తుంది నాకు. మొదటిది ఉత్సాహంగా వదులుగా, రెండోది విసుగుతో బిగువుగా. మేజోళ్లకూ అంతే. ఒకటి పూర్తయ్యాక రెండోది మొదలుపెట్టాలంటే చెయ్యి రాదు, ఒంటి మేజోడు సంచిలో ఏళ్ల తరబడి పడుంటుంది. మా ఇంట్లో అలాంటివి మూడున్నాయి, ఎవరి కాళ్లకోసం మొదలుపెట్టానో ఆ పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు.

ఇక తోరణం. అది దీపం కింద పని. సన్న నూలు, సన్న కొక్కెం, ప్రతి వరసకూ లెక్క. ఇల్లు సద్దుమణిగాక, ఎవరూ పలకరించని వేళ చెయ్యాలి. ఇలాంటిది ఒక్కటే ఉండాలి. పోయిన ఏడాది రెండు పెట్టుకున్నాను.

ఒకటి పసిపాప గౌను, మా అమ్మ దాచిన పాత బ్రిటిష్ కాగితంలో ఉన్న నమూనా. రెండోది బల్ల మీద పరిచే గుడ్డ, అమెరికా నమూనా. ఇక్కడో గోతిని గమనించాలి. బ్రిటిష్‌వాళ్లు ట్రెబుల్ అనే కుట్టునే అమెరికావాళ్లు డబుల్ అంటారు. అమెరికావాళ్ల ట్రెబుల్ వేరు, దారం ఒక చుట్టు ఎక్కువ చుట్టాలి, కుట్టు పొడుగొస్తుంది. వారం రోజులు అమెరికా గుడ్డ మీద కూర్చున్న బుర్రతో గౌను అందుకున్నాను. కాగితంలో ట్రెబుల్ అనుంది, పొడుగు ట్రెబుల్ వేసుకుంటూ పోయాను. నడుము దాకా ఒక గౌను, నడుము కింద ఇంకో గౌను. తొమ్మిది వరసలు అల్లాక గానీ చూసుకోలేదు. రాత్రి పదకొండింటికి కూర్చుని విప్పాను. విప్పిన ఊలు నూడుల్స్‌లా వంకర్లు తిరిగి ఉంటుంది, దాంతో మళ్లీ అల్లితే కుట్లు ఎగుడుదిగుడు. తడిపి, చిలపగా, అంటే పొడుగాటి వదులు చుట్టగా చుట్టి, కింద చిన్న బరువు కట్టి ఆరేస్తే సాఫీ అవుతుంది. కానీ అది నవంబరు. చెన్నై నవంబరులో బట్టలే ఆరవు, ఊలేం ఆరుతుంది? నాలుగు రోజులు ఫ్యాను కింద వేలాడింది.

అప్పట్నుంచి ప్రతి సంచిలో ఒక చీటీ ఉంటుంది. ఏ దేశం నమూనా, ఎన్నో వరసలో ఆపాను, సూది నంబరెంత. సూది నంబరు ఎందుకంటారా? పదో నంబరు సూదులు నా దగ్గర ఒకే జత. టోపీ మొదలుపెడదామని స్వెట్టరు చేతుల్లోంచి వాటిని లాగేసి, కుట్లను దారం మీదికి ఎక్కించి పెట్టేస్తాను. రెండు వారాల తర్వాత చేతికి దొరికిన తొమ్మిదో నంబరు పెట్టి చేతులు సాగిస్తాను. మన బజార్లో దొరికే సూదులకు నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. పది అంటే మూడుంబావు మిల్లీమీటర్లు, తొమ్మిది అంటే మూడుముప్పావు. అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. మోచేతి పైన చెయ్యి బుడగలా ఉబ్బుతుంది.

ఊలు ఉండ మీద కాగితం పట్టీని కూడా అదే సంచిలో పడేస్తాను. దాని మీద రంగు నంబరు కాక, ఆ రంగు వేసిన విడత నంబరు వేరే ఉంటుంది. అదే రంగు, వేరే విడత అయితే ఛాయ కొంచెం మారుతుంది. ఒక కొట్లో ట్యూబులైటు కింద రెండూ ఒకటే అని ప్రమాణం చేసి ఇచ్చారు. బాల్కనీ ఎండలో చూస్తే స్వెట్టరుకు ఛాతీ మీద గీత గీసినట్టుంది. ఇప్పుడు ఒక ఉండ ఎక్కువే కొంటాను. మిగిలితే మేజోళ్లు.

అన్నట్టు, వానల కాలంలో ఒక్క పనైనా లేత రంగుది ఉంచుకోండి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానప్పుడు మా వీధికి రెండు రోజులు కరెంటు లేదు. చేతిలో ముదురు నీలం స్వెట్టరు. కొవ్వొత్తి వెలుగులో ముదురు ఊలు కుట్టు కనపడదు, ఏది కుట్టో ఏది సందో తెలియదు. తెల్ల నూలు చదరాలు మాత్రం వేళ్లతోనే తెలిసిపోయాయి. వాన బాపట్ల వైపు వెళ్లిపోయేసరికి పదకొండు చదరాలు.

మా పుట్టిల్లు నరసాపురం దగ్గర. అక్కడి క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. చిన్నప్పుడు మా వీధి అరుగుల మీద చూసేదాన్ని. ఒకావిడ పూలే అల్లేది, రోజంతా పూలు. వాటిని కలిపేది ఇంకొకావిడ, దాన్ని అతుకుపని అంటారు. కూలి ముక్కల లెక్కన, అంతంతమాత్రమే. పూలు అల్లినావిడకు తన పువ్వు ఏ బల్ల మీదికి పోతుందో తెలిసేది కాదు. అది బాధ కలిగించే సంగతే. కానీ పువ్వుకీ అతుక్కీ వేరే వేరే చూపు కావాలన్నది మాత్రం అక్కడే చూశాను. ఇదే చెన్నైలో 2016 జనవరిలో ఆడవాళ్లు ఎవరింట్లో వాళ్లు అల్లిన ముక్కలన్నీ తెచ్చి, కలిపి, గిన్నిస్ రికార్డు కోసం ఒకే క్రోషియా దుప్పటి పరిచారు. 11,148.5 చదరపు మీటర్లు. మన లెక్కలో 2 ఎకరాల 75 సెంట్లు. అల్లికకంటే నేను ఆ అతుకుపనికే దండం పెడతాను.

మా దుప్పటి 48 చదరాలు. ఒక్కో చదరానికి మూడు రంగులు, అంటే ఆరు దారపు కొసలు. మొత్తం 288. ఇల్లలకగానే పండగ కాదంటారే, చదరాలు అయిపోయాయని సంబరపడితే ఈ తోకలన్నీ దాచడానికే ఒక పండగ గడిచిపోతుంది. అందుకని రైల్లోనే, కొత్త రంగు చుట్టు అల్లేటప్పుడు పాత కొసను కుట్ల లోపలికి కలిపేసుకుంటూ పోతున్నాను. రెండు అంగుళాలు కలిపితే చాలు, జారదు.

ఇవాళ్టికి పరిస్థితి ఇది. దుప్పటి 31 చదరాల దగ్గరుంది. తోరణం ఆకులు అయ్యాయి, కాయలు మిగిలాయి. డల్లాస్ మేజోళ్లు ఈసారి జతగానే ఉన్నాయి. మేనల్లుడి స్వెట్టరు మెడ దగ్గర ఆగింది. ఏడాది పిల్లలకు ఒళ్లు చిన్నది, తల పెద్దది. మెడపట్టీ ఎంత వదులుగా ముగించినా తల పట్టదేమోనని భుజం మీద మూడు బొత్తాలకు చోటు వదిలాను. ఢిల్లీ పార్సిలుకు ఇంకా పదకొండు రోజులుంది. బొత్తాలింకా కొనలేదు. శనివారం ఇక్కడి ప్యారీస్ కార్నర్ బజారుకు వెళ్లాలి.

సెలవు.